ముఖం చూసి భాష ఎంచిన మెనూ

వెబ్‌సైటులో మెనూ తయారు చేయడం కూడా ఒక ఉద్యోగమేనా అని నన్ను ఎగతాళిగా అడిగినవాళ్లు నలుగురు. నలుగురి పేర్లూ నాకు గుర్తున్నాయి. ఒకరు మా పెళ్లి జరిపించిన పాస్టరుగారు కాబట్టి పేర్లు రాయను. ఇప్పుడు బీదర్‌లో, చిద్రిలోని మా ఇంటి వరండాలో కూర్చుని తీరిగ్గా జవాబు చెబుతున్నాను. అవును, ఉద్యోగమే. హైదరాబాదులో ఇరవై ఏళ్లకు పైగా అదే చేశాను.

పని ఇంతే. మీరు ఎన్నడూ చూడని దేశంలో ఒక మనిషి కంప్యూటరు ముందు కూర్చుంటాడు. అతనికి ఒక ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు మీ సైటులో ఎక్కడో ఉంటుంది. అతను అక్కడికి దారి తప్పకుండా వెళ్లాలి. పక్కన మీరు ఉండరు. ఈ చివరి మాటను కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను. అందుకే ఇది రాయడం.

చీటీల కిటికీ

కంప్యూటరు ముట్టుకోకముందు పదకొండేళ్లు బీదర్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో రోగులకు చీటీలు రాశాను. మా నాన్న అక్కడే కాంపౌండరు. కమఠాణ నుంచి, బగ్దల్ నుంచి, ఇంకా దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లంతా ముందు నా కిటికీ దగ్గర ఆగాలి. ఒకరిది కన్నడం, ఒకరిది ఉర్దూ, ఒకరిది మరాఠీ, మావాళ్లది తెలుగు. బీదర్‌లో ఎదుటి మనిషిని ‘నీకే భాష వచ్చు’ అని అడగం. అది మర్యాద కాదు. కట్టు చూస్తాం, టోపీ చూస్తాం, చీర కుచ్చిళ్లు చూస్తాం, ఆ భాషలో మొదలుపెడతాం.

“ఆయిన నోరు తెర్వకముందే ఆయిన భాషల పలకరియ్యాలె బిడ్డా. సగం రోగం ఆడనే పోతది,” అనేవాడు నాన్న.

అప్పుడప్పుడు తప్పు పోయేది. పెద్ద గడ్డం చూసి ఉర్దూలో పలకరిస్తే ఆయన పక్కా లింగాయతు రైతు. నవ్వేవాడు, నేనూ నవ్వేదాన్ని, కన్నడంలోకి మారిపోయేవాళ్లం. ఆ పని నాకు బాగా వచ్చుననే అహంకారం నాకుండేది. దాన్ని మూటగట్టుకుని హైదరాబాదుకు తీసుకుపోయాను.

ప్లాస్టిక్ కుర్చీ

మా ఆయనకు హైదరాబాదు బదిలీ అయింది. మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్న రోజులు. అమీర్‌పేటలో ఆరు నెలల కంప్యూటరు కోర్సు చేసినవాళ్లందరికీ ఏదో ఒక పని దొరికేది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నేనూ చేశాను. క్లాసులో నన్ను ఆంటీ అనేవాళ్లు. బేగంపేటలో వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను.

మా యజమాని ప్రసాదరావుగారు గుంటూరు వైపు మనిషి. జీతం ఒక్క నెల ఆపలేదు, గొంతు ఒక్కసారి పెంచలేదు. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత చెప్పబోయేవి చదివి ఆయన్ను రాక్షసుడు అనుకోకూడదని. నేను చేరినరోజు చక్రాల కుర్చీలు అయిపోయాయన్నారు. ప్లాస్టిక్ కుర్చీ వేశారు. రేపు తెప్పిస్తానన్నారు. నా తర్వాత చేరిన ముగ్గురికి చక్రాల కుర్చీలు వచ్చాయి. నేను అడగలేదు. ఆయనకే గుర్తు రావాలని ఊరుకున్నాను.

రెండోది ఇంకా పెద్దది. క్లయింట్లతో సమావేశం ఉందంటే నేను చేసిన పనిని ఆయన తీసుకుని వెళ్లేవారు. నేనూ వస్తానని ఒకసారి అన్నాను.

“వద్దులెండి ఎస్తేరు గారూ. మీ బీదరు తెలుగు మనలో మనకు ముద్దుగానే ఉంటుంది. క్లయింటు ముందు బాగోదు,” అన్నారు.

ముద్దుగా ఉంటుందట. ఆ మాట అన్నప్పుడు ఆయన చేతిలో సగం తాగిన టీ ఉంది. అదీ గుర్తుంది.

చీటీలతో మెనూ

హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రి, విదేశీ రోగుల కోసం సైటు చేయమని మాకు పని ఇచ్చింది. ఒమాన్, సూడాన్, యెమెన్, కెన్యాల నుంచి అప్పటికే రోగులు వస్తున్నారు. ఇంగ్లీషు, అరబ్బీ భాషల్లో ఉండాలన్నారు. వాళ్లిచ్చిన మెనూలో ముప్పై ఒక్క విభాగాల పేర్లున్నాయి, అన్నీ ఇంగ్లీషు వైద్యం పేర్లు.

పాత అలవాటు కొద్దీ నేను చీటీలు తీశాను. ఒక్కో చీటీ మీద ఒక్కో విషయం రాయించి, ఆసుపత్రి క్యాంటీన్‌కు వెళ్లి కూర్చున్నాను. అరబ్బీ రాసింది మా ఆఫీసులో అనువాదం చేసే నఫీసా, పాతబస్తీ అమ్మాయి, చురుకైనది. రోగులతో వచ్చినవాళ్లను బతిమాలి చీటీలు ముందు పరిచేవాళ్లం. మీరు మీ దేశంలో ఉండగా ముందు ఏది తెలుసుకోవాలనుకున్నారో అది పైన పెట్టండి అనేవాళ్లం.

సూడాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి విభాగాల చీటీలన్నీ ఒక్క చేత్తో పక్కకు తోసేశాడు. ఖాళీ చీటీ అడిగి తానే రాశాడు. ‘నా భార్య రాత్రి ఎక్కడ పడుకుంటుంది?’ ఇంకొకామె, వంట చేసుకోవడానికి పొయ్యి ఉంటుందా అని రాయించింది. ఆపరేషన్‌కు తారీకు ఎప్పుడిస్తారు, ఎంత కాలం ఉండాలి, వెంట ఎవరు ఉండొచ్చు. గుండె జబ్బు ఏ విభాగం కిందికి వస్తుందో తెలుసుకోవాలని ఎవరూ కోరలేదు. అది డాక్టర్లు చూసుకుంటారు.

ముప్పై ఒకటి పోయి మెనూలో నాలుగే మిగిలాయి: బస, తారీకు, ఎన్నాళ్లు, వెంట ఎవరు. నేను చేసిన పనుల్లో ఇది ఉత్తమమైనదని ఇప్పటికీ అంటాను. కొత్తవాళ్లకు నా సలహా ఒకటే. మెనూ మీ బల్ల దగ్గర పుట్టదు. వెళ్లి అడగండి. అడిగాక మాట్లాడకండి, వాళ్ల చేతులు చూడండి.

అరబ్బీ పేజీలో మెనూ ఎడమవైపే ఉంచేశారు మావాళ్లు. మాటలు మాత్రం అరబ్బీలోకి మార్చారు. చదువు కుడి నుంచి మొదలైతే మెనూ కుడివైపు ఉండాలి, ‘తర్వాత’ బాణం ఎడమకు చూపాలి. ఉర్దూ బోర్డుల కింద పెరిగిన మనిషికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పేజీ అందం పోతుందన్నారు ప్రసాదరావుగారు. నేనూ నఫీసా వారం రోజులు వాదించి తిప్పించాం. ఆసుపత్రివాళ్లు మెచ్చుకున్నారట. సమావేశంలో ఆ మెప్పు ఎవరికి దక్కిందో చెప్పక్కర్లేదు.

నేను గర్వపడ్డ తప్పు

నాలుగింటి మెనూతో ఆగి ఉంటే బాగుండేది. నాన్న మాట గుర్తొచ్చింది. మనిషి నోరు తెరవకముందే అతని భాషలో పలకరించాలి. సైటు తెరిచినవాడు ఏ దేశం నుంచి తెరిచాడో కనిపెట్టే ఏర్పాటు అప్పుడే వచ్చింది. అరబ్బు దేశాల నుంచి తెరిస్తే నేరుగా అరబ్బీ, మిగతా అన్నిచోట్లా ఇంగ్లీషు. అడగడం లేదు, ఎంచుకోమనడం లేదు. బీదర్ మర్యాద అంతా కంప్యూటరులో పెట్టానని మురిసిపోయాను. ఇంగ్లీషుకు మారాలనుకునేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారని, ఆ దారి పేజీ అట్టడుగున పెట్టించాను.

నఫీసా మాత్రం అంది. “అక్కా, ఒమాన్‌ల ఉన్నోళ్లంత అరబ్బులేనా? మా అన్న ఆడ లారీ నడుపుతడు. ఖురాన్ సదువుతడు గని అరబ్బీల మాట్లాడితే సమజ్ కాదు ఆయనకు.”

“మీ అన్నకు ఈడ ఆపరేషనా ఏంది?” అన్నాను నేను.

తను తన అనువాదం కాగితాల్లోకి తిరిగిపోయింది. నాకు ఎవరైనా ఇలాంటి జవాబు చెప్పి ఉంటే ఇరవై ఏళ్లు మర్చిపోయేదాన్ని కాదు.

సైటు మొదలయ్యాక నెలనెలా ఒక పట్టిక వచ్చేది. ఏ దేశం నుంచి ఎందరు వచ్చారు, ఏ పేజీ దగ్గర వెళ్లిపోయారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి పేజీ చూసి వెళ్లిపోతున్నారు. ‘అక్కడ నెట్ నెమ్మది’ అని పక్కన రాశాను. నా చేతిరాతతోనే రాశాను.

యాకోబు

యాకోబు మా చిన్నమ్మ రత్నమ్మ కొడుకు. వాళ్లది కమఠాణ. అతను మస్కట్‌లో కరెంటు పని చేస్తాడు. అతనికీ నాకూ ఆరేళ్లుగా మాటల్లేవు. తన పెళ్లికి ఇంటికొచ్చి నోటితో పిలవలేదు. కార్డు వేరేవాళ్ల చేత పంపాడు. మావైపు అలా వచ్చిన కార్డు పట్టుకుని పెళ్లికి వెళ్లరు. నేనూ వెళ్లలేదు.

ఆ యాకోబు ఒక మధ్యాహ్నం హైదరాబాదులో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో బ్యాగు. చిన్నమ్మకు గుండెలో వాల్వు మార్చాలన్నారట, ఆ పెద్ద ఆసుపత్రిలోనే. తను ఆ రాత్రే మస్కట్‌కు తిరిగి వెళ్లిపోతున్నాడు. నీళ్లిస్తే పుచ్చుకోలేదు.

“కూసోనీకి రాలే. ఆపరేషన్ నాలుగు రోజులకున్నది. అమ్మ కాడ ఎవ్వరు లేరు. అది చెప్పనీకే వచ్చిన,” అన్నాడు.

“నువ్వు ఉండకుండ పోతున్నవా?”

“పదిహేను రోజుల సెలవు అక్కా. ఈ పదిహేను రోజుల్లనే ఆపరేషన్ పడాలని ఆడికెళ్లి తారీకు అడుగుదామనుకున్న. ఫోన్ చేస్తే, బయటిదేశంల ఉన్నోళ్లు సైటుల రాయాలె అన్నరు. ఆ సైటు మీ కంపెనోళ్లు చేసిండ్రంట గదా.”

“నేనే చేసిన,” అన్నాను. కొంచెం గొప్పగానే అన్నాను.

అతను బ్యాగు కింద పెట్టాడు.

“నువ్వేనా. మూడు జుమ్మాలు, పని లేని శుక్రారాలు, కూసున్న నెట్ సెంటర్ల. తెరిస్తే అరబ్బీ. ఏడ నొక్కినా అరబ్బీ. మస్కట్‌ల ఉంటే నేను అరబ్బునైతనా?”

“ఇంగ్లీషుకు పోయే దారి కింద ఉండె గదరా.”

“ఉండె. అది గూడ అరబ్బీల రాసి ఉండె.”

ఇంగ్లీషు కావలసినవాడికి ఇంగ్లీషు దారిని అరబ్బీలో రాసి పెట్టాను. అరబ్బీ పేజీలో అన్నీ అరబ్బీలోనే ఉండాలని పట్టుబట్టింది నేనే.

“పక్క రూమోన్ని ఎవన్నన్న అడగకపోయినవా?”

“అడిగిన. వాడు మలయాళపోడు.”

“నాకన్న చెప్పకపోయినవా?”

“నువ్వు మాట్లాడుతవా నాతోని?” అన్నాడు యాకోబు. “ఆఖరుకు ఒక మిస్రాయన, ఈజిప్టు మనిషి, రాసిపెట్టిండు. అప్పటికి ఆల్సెమయ్యింది. సెలవు అయిపోయినంక నాలుగు రోజులకు పడ్డది. నన్ను పనిల పెట్టుకున్న కఫీల్ ఇంకొక్క రోజు గూడ ఇయ్యనన్నడు.”

అతను వెళ్లిపోయాడు. నాలుగో రోజు పొద్దున నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం మీద సంతకం నేనే పెట్టాను. ‘రోగికి ఏమవుతారు’ అన్నచోట కూతురు అని రాశాను. బండి మీద పడుకోబెట్టి తీసుకెళుతుంటే చిన్నమ్మ నా వేలు పట్టుకుంది.

“వాడు రాలే?”

“మస్కట్‌ల ఉన్నడు చిన్నమ్మా.”

“ఎరుకనే. మర్శిపోయి అడిగిన,” అంది.

థియేటరు తలుపు దాకా వేలు వదల్లేదు. ఆపరేషన్ మంచిగా అయింది. దేవుని దయ. కానీ ఆ తలుపు దగ్గర ఉండాల్సిన వేలు నాది కాదు. ఆ తారీకు నా మెనూ వల్ల నాలుగు రోజులు పక్కకు పోయింది. పట్టికలో మొదటి పేజీ దగ్గర వెళ్లిపోయిన అంకెల్లో మూడు యాకోబువి. పక్కన ‘నెట్ నెమ్మది’ అని రాసింది నేను.

ఇరవై మూడు ఫిర్యాదులు

ఆఫీసుకు వెళ్లి మార్చాలన్నాను. ప్రసాదరావుగారు ఓపిగ్గా విన్నారు.

“క్లయింటు సంతకం పెట్టేశాడండీ. ఇప్పుడు ముట్టుకుంటే తప్పు మనమే ఒప్పుకున్నట్టవుతుంది.”

“తప్పే గద సార్.”

“చూడండి, మీ ఇంటి సంగతులు ఆఫీసుకు తేకండి.”

కుర్చీ, బీదరు తెలుగు, ఇది మూడోది. మిగతా రెండూ నావరకే, ఓర్చుకున్నాను. ఇది చిన్నమ్మ సంగతి.

ఆ సైటులో ‘ఫిర్యాదులు, సూచనలు’ అనే పేజీ ఉంది. నేను చేసిందే. అందులో రాసింది నేరుగా ఆసుపత్రికి పోతుంది, మా కంపెనీకి రాదు. నా పేరు, చిద్రి చిరునామా పెట్టి, ఒక మనిషి మస్కట్‌లో కూర్చుని తల్లి ఆపరేషన్‌కు తారీకు అడగలేకపోయిన సంగతి రాశాను. జవాబు లేదు. మర్నాడు మళ్లీ రాశాను. ఆదివారాలు వదిలి రోజూ రాశాను. ఉప్పు తిన్న సంస్థ మీద చాటుగా ఫిర్యాదు చేయడం మంచి పద్ధతని మీకు చెప్పను. ముందు ఎదురుగా అడగండి, రెండుసార్లు అడగండి. నేను ఒక్కసారే అడిగి, మాట పడ్డానని అలిగాను. నా స్వభావంలో ఉన్న లోటు అది.

ఇరవై మూడో ఫిర్యాదు తర్వాత ఆసుపత్రిలో విదేశీ రోగుల విభాగం చూసే డాక్టరమ్మ, ప్రసాదరావుగారిని పిలిపించారు. ఆ ఉత్తరాలన్నీ అచ్చుతీసి బల్లమీద పెట్టారట. “ఈ ఎస్తేరు ఎవరో కనుక్కుని తీసుకురండి. ఈమె రాసింది నాకు అర్థమైంది. మీరు చెప్పేది అర్థం కావడం లేదు,” అన్నారట. ఆయన, ఆమె మా ఆఫీసులోనే ఉంటారండీ అన్నారట.

అలా నేను మొదటిసారి క్లయింటు సమావేశానికి వెళ్లాను. ప్రసాదరావుగారు ముందు, నేను వెనక. గదిలో చక్రాల కుర్చీ ఉంది, కూర్చున్నాను. డాక్టరమ్మ నావైపు, ఆయనవైపు చూసి నవ్వారు.

“మీ మనిషే మీమీద ఫిర్యాదు రాసిందా?”

“ఆయిన మీద కాదు మేడం,” అన్నాను. “నామీద. అట్ల పెట్టింది నేనే. ఒగ పిల్ల ముందుగాలనే చెప్పింది, నేను ఇనలే.”

బీదర్ తెలుగే వచ్చింది. మార్చుకుందామనుకోలేదు. ఆవిడ రాసుకున్నారు. ఆ ప్రాజెక్టు కాగితాల్లో నా పేరు మొదటిసారి ఎక్కింది తప్పు చేసినవాళ్ల దగ్గర. అయినా ఎక్కింది.

ఏం చేయాలో చెప్పమన్నారు. దేశం చూసి భాష ఎంచడం తీసేద్దామన్నాను. ప్రతి పేజీ పైన భాషల పేర్లు, ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే. అరబ్బీ అరబ్బీలో, ఇంగ్లీషు ఇంగ్లీషులో, తెలుగు తెలుగులో.

అక్కడ ప్రసాదరావుగారు నోరు తెరిచారు. “విదేశీ రోగుల సైటులో తెలుగెందుకండీ? తెలుగు ఏ దేశంవాళ్లకి?”

“మస్కట్‌ల కరెంటు పని చేసేటోళ్లకు సార్,” అన్నాను.

డాక్టరమ్మ సరేనన్నారు. ఆఫీసుకు తిరిగొచ్చాక ప్రసాదరావుగారు, మాటల బదులు దేశాల జెండాలు పెడితే రంగుగా ఉంటుందన్నారు. అరబ్బీకి ఎవరి జెండా పెడదామని నఫీసా అడిగింది. అది అక్కడితో ఆగిపోయింది. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, నేటికీ జెండాలు పెట్టేవాళ్లున్నారు. నఫీసాకు ఆరోజే క్షమాపణ చెప్పాను. “నేను మర్శిపోయిన అక్కా,” అంది. మర్చిపోయేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం.

వారం తర్వాత పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి నా బల్ల దగ్గర చక్రాల కుర్చీ ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. సీటు ఒకవైపు చిరిగి ఉంది. ఆ కంపెనీ వదిలే దాకా దానిమీదే కూర్చున్నాను, కుట్టించుకోలేదు.

బటన్

నాన్న చెప్పినదాంట్లో తప్పు లేదు. కిటికీ దగ్గర నేను పొరబడితే ఎదుటి మనిషి నవ్వేవాడు, నేను మార్చుకునేదాన్ని. కంప్యూటరులో ఎదుటి మనిషి నవ్వినా, తిట్టినా, లేచి వెళ్లిపోయినా మీకు కనబడదు. అందుకని అతన్నే అడగాలి. అడిగే మాట అతనికి తెలిసిన అక్షరాల్లో ఉండాలి. ఇరవై ఏళ్లలో నేను ఖాయంగా నేర్చుకున్నది ఇదొక్కటే, మిగతావి సరంజామాతోపాటు మారిపోయాయి.

ఏడాది తర్వాత చిన్నమ్మకు మళ్లీ పెద్ద పరీక్ష చేయాలన్నారు, ఒక రోజు ఆసుపత్రిలో ఉంచాలి. అప్పుడు నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ నెల పట్టికలో మస్కట్ వరుసలో తెలుగు పేజీ తెరిచినవాళ్లు కొందరు కనబడ్డారు. వాళ్లలో ఎవరో ఒకరు తారీకు పేజీ దాకా వెళ్లి, రాసి, పూర్తి చేశారు. ఎవరో పట్టికలో ఉండదు.

తర్వాత కొన్నాళ్లకు యాకోబు సెలవు మీద వచ్చాడు. చిన్నమ్మ కబురు పెడితే, పరీక్ష రోజు నేనూ వెళ్లాను. చిన్నమ్మ మంచం మీద కూర్చుని బత్తాయి తొనలు తింటోంది, కొడుకు పక్కనే కూర్చుని వలిచి ఇస్తున్నాడు. నేను గుమ్మంలో ఉన్నప్పుడు అతను లేచి ఎదురొచ్చాడు.

“అక్కా, చిన్నదానికి బాప్తీస్మం పెట్టుకున్నం వచ్చే ఐతారం, కమఠాణల. పిలుద్దామని మీ ఇంటికి పోయిన పొద్దుగాల, తాళమున్నది. ఈడనే పిలుస్తున్న. మల్ల ఇంటికొచ్చి గూడ పిలుస్త.”

“వస్త లేరా,” అన్నాను.

అతను కూర్చుని, ఇంకో బత్తాయి తీసుకున్నాడు. “గదొక్కటి చెప్పాలె అనుకున్న. ఆ తెలుగు బటన్ మస్తు సన్నగున్నది. కండ్లద్దాలు పెట్టుకోవాల్సొచ్చింది. ఇంకింత పెద్దగ చెయ్యరాదా?”

ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో ఖాళీ డబ్బాల్లా కనబడేవి. అందుకని ఆ మాటను బొమ్మగా గీయించి పెట్టాం. బొమ్మ చిన్నదైన మాట నిజమే. ఇంత చేస్తే అతని నోట వచ్చింది అది. థాంక్స్ అన్న మాట ఆ రోజూ రాలేదు, ఇప్పటిదాకా రాలేదు. గుర్తుంది నాకు.

మర్నాడు పొద్దున చిరిగిన చక్రాల కుర్చీలో కూర్చుని, మొట్టమొదట ఆ బటన్ పెద్దది చేశాను.